అక్క వాకరుకి రెండు దీపాలు

ఆ మేడలో మొదటి అంతస్తు నడవాకి ఒక్క కిటికీ కూడా లేదు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ చీకటే. గోడకి ఒక బటన్ ఉంటుంది. నొక్కితే దీపం వెలుగుతుంది, సరిగ్గా మూడు నిమిషాలకి టిక్కుమని ఆరిపోతుంది. కరెంటు వృథా కాకూడదని మేడ యజమాని పెట్టించిన ఏర్పాటు అది. కాళ్ళు బాగున్నవాళ్ళకి మూడు నిమిషాలు ఎక్కువే. ఆ అంతస్తులోనే ఉండే టైలరమ్మ వాళ్ళక్కకి మాత్రం వాకరు పట్టుకుని గదిలోంచి బయల్దేరి నడవా చివరి బాత్రూము చేరడానికి ఏడు నిమిషాలు పట్టేది.

కిందటి నెల దీపం ఆరిన చోటే అక్క పడిపోయింది. ఎముకలు విరగలేదు గానీ నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి కట్టింది. ఆ బొప్పి కాస్తా కూతురి కంట పడింది.

అక్క కూతురు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఏ సంగతైనా పరీక్ష పెట్టి తేల్చుకునే మనిషి.

"పిన్నీ, నా మీద కోప్పడకు. వృద్ధుల నివాసంలో కింది అంతస్తులో ఒక మంచం ఖాళీ అయింది. ఆదివారం దాకా ఆపమన్నాను. ఆదివారం పొద్దున వస్తా. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బాత్రూము దాకా వెళ్ళి వస్తే సరే. లేదంటే తీసుకెళ్ళిపోతా," అంది బుధవారం నాడు.

"ఒకటే మంచమా?" అని అడిగింది టైలరమ్మ.

"ఒకటే పిన్నీ."

టైలరమ్మకి ఆ పూట అన్నం సయించలేదు. బస్సు మెట్ల దగ్గరా ఆసుపత్రి గుమ్మాల దగ్గరా నిలబడి ఆమె చాలామందిని సాగనంపింది. చెయ్యి ఊపి పంపినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. అందుకని ఎవరికీ చెయ్యి ఊపడమే మానేసింది. ఇద్దరి భర్తలూ పోయాక అక్కాచెల్లెళ్ళు ఈ గదిలో చేరి పదకొండేళ్ళయింది. ఒకరి గురక వినపడితేనే రెండోవాళ్ళకి నిద్రపట్టే స్థితికి వచ్చేశారు.

ఏడుస్తూ కూర్చుంటే పని జరగదు గదా. గురువారం పొద్దున్నే టైలరమ్మ తన కుట్టుమిషను మీద బిగించుకునే చిన్న బ్యాటరీ దీపాన్ని ఊడదీసి, అక్క వాకరు పైకమ్మీకి కట్టింది. ఎలాగూ చెయ్యి పెట్టింది గనక, కోటు గుడ్డతో ఆరు జేబుల సంచీ కుట్టి వాకరు ముందు తగిలించింది. నీళ్ళ సీసా, మందులు, ఫోను, టార్చి, ఈల, తువ్వాలు, పడిపోతే ఎవరెవరికి కబురు చెయ్యాలో రాసిన కాగితం, అన్నీ అందులో సర్దింది.

అక్క దాన్ని పైనుంచి కిందికి ఎగాదిగా చూసింది. "ఏమే, ఇది బాత్రూముకి వెళ్ళడానికా, ఊరు వదిలి పోవడానికా?"

"నోరు మూసుకుని నడువక్కా."

అక్క చేతులు తీసీ తియ్యగానే వాకరు ముందుకి తూలి దబ్బున బోర్లాపడింది. సీసా దొర్లుకుంటూ పక్కింటి గుమ్మం దాకా పోయింది. సంచీ తీసేసి మళ్ళీ నడిపిస్తే ఇంకో తంటా వచ్చిపడింది. రెండడుగులు వేసి అక్క ఆగింది, కాలు బాగా పైకెత్తి దేన్నో దాటింది. ఇంకో అడుగు వేసి మళ్ళీ ఎత్తింది.

"ఏంటక్కా ఆ నడక?"

"గడపలే. ఇన్ని గడపలు ఎప్పుడు కట్టించారు ఈ నడవాలో?"

టైలరమ్మ వంగి చూసింది. పైన కట్టిన దీపం వెలుగులో వాకరు అడ్డకమ్మీ నీడ నేల మీద నల్లగా, అచ్చం గడపలాగే పడుతోంది. అక్క ముందుకి జరిగితే గడప కూడా ముందుకి జరుగుతోంది. టైలరమ్మ నెత్తి కొట్టుకుంది. చెయ్యి నీడ సూది మీద పడకుండా దీపం పెట్టుకోమని పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లకీ నలభై ఏళ్ళపాటు చెప్పింది తనే. అక్క కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, కంగారులో మొదటి పాఠమే మర్చిపోయింది.

శుక్రవారం వాకరు మోసుకుంటూ వీధి మలుపులో ఉన్న సైకిల్ మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. అతను చక్రానికి గాలి కొడుతూనే సంగతంతా విన్నాడు.

"రేసుకి పంపిస్తున్నారా ఏంటమ్మా అక్కగారిని?"

"నవ్వకు నాయనా. ఆదివారం లోపల అవ్వాలి. లేకపోతే నాకు అక్క ఉండదు."

మేస్త్రి నవ్వు ఆపేశాడు. పంపు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వాకరు ముందు గొంతుక్కూర్చున్నాడు. ముందు కాళ్ళు రెండింటికీ చీలమండ ఎత్తులో చెరొక సైకిల్ దీపం, వెలుగు నేల మీద పరుచుకునేట్టు కాస్త వంచి బిగించాడు. దీపానికి ముందు ఏ కమ్మీ లేదు గనక నీడ కూడా లేదు. వాకరు కాళ్ళ అడుగున అరిగిపోయిన రబ్బరు బుడిపెలు తీసి కొత్తవి తొడిగాడు. స్విచ్చి దగ్గర మాత్రం చిక్కొచ్చింది.

"బ్రేకులాగా నొక్కిపట్టుకుంటే వెలిగేట్టు పెట్టనా?"

"వేళ్ళు ముడుచుకోవు నాయనా అక్కకి. దువ్వెన కూడా పట్టుకోలేదు."

ముందు టైలరమ్మకే తోచింది. కోటు భుజాలు నిలబడడానికి లోపల స్పాంజి ముక్కలు వేస్తారు. పలచటి స్విచ్చిని రెండు స్పాంజిల మధ్య పెట్టి పిడికి తొడుగు కుడితే, అరచెయ్యి ఆనిస్తే చాలు. చెయ్యి ఉన్నంతసేపూ వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. మేస్త్రికి ఆ మాట ఎంత నచ్చిందంటే, దుకాణంలో అలాంటి స్విచ్చి లేకపోతే, తనే సైకిలెక్కి కరెంటు సామాన్ల కొట్టుకి వెళ్ళి తెచ్చాడు.

శనివారమంతా కుట్టడమే సరిపోయింది. సంచీని రెండుగా కత్తిరించి వాకరుకి అటొకటీ ఇటొకటీ తగిలించింది. ఒక దాంట్లో ఫోను, ఇంకో దాంట్లో తువ్వాలు, అంతే. ఈల తీసేయడానికి మాత్రం మనసొప్పక చాలాసేపు చేతిలో పట్టుకుని తిరిగింది.

ఆదివారం పది గంటలకి అక్క కూతురు వచ్చింది. చెప్పులు విప్పి, తల్లి పక్కన కూర్చుని, పిన్ని ఇచ్చిన కాఫీ తాగింది. మంచం మాట ఎవరూ ఎత్తలేదు. చివరికి అక్కే లేచింది.

"పదండి, నా పరీక్షేదో అయిపోనివ్వండి. ఏమే, నువ్వు నా వెనకాల రాకు. నువ్వు వస్తే నేను నడిచానంటే ఎవరు నమ్ముతారు?"

టైలరమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయి, అక్క కూతురి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కూతురు బటన్ నొక్కింది. అక్క నడిచింది. మూడు నిమిషాలకి టిక్కుమని నడవా చీకటైంది. ఆ చీకట్లో రెండు చిన్న వెలుగులు మాత్రం ఆగకుండా, తొందరపడకుండా సాగిపోయాయి. వెలుగు, బుడిపెల చప్పుడు, అడుగు. వెలుగు, చప్పుడు, అడుగు. బాత్రూము తలుపు తెరుచుకుంది, మూసుకుంది. కాసేపటికి వెలుగులు తిరుగుముఖం పట్టాయి.

"ఎంత బాగా కుట్టావు పిన్నీ," అని గుసగుసలాడింది కూతురు.

సరిగ్గా నడవా మధ్యలో, కిందటి నెల పడిన చోటే, వెలుగులు రెండూ ఆరిపోయాయి.

"అక్కా!" అని పెద్ద కేక పెట్టి టైలరమ్మ ఆ చీకట్లోకి పరుగెత్తింది. ఆ వయసులో ఆమె పరుగు ఎవరూ చూసి ఉండరు, ఇప్పుడూ ఎవరికీ కనపడలేదు. పక్కింటివాళ్ళ చెప్పుల స్టాండుకి కాలు తగిలింది. స్టాండూ చెప్పులూ టైలరమ్మా అంతా కలిసి ధనాధనా నేల మీదికి వచ్చారు.

అప్పుడు వెలుగులు రెండూ మళ్ళీ వెలిగాయి. వాకరు వెనక అక్క రాయిలా నిలబడి ఉంది. ఒక చేతిలో తువ్వాలుంది.

"కళ్ళజోడు తుడుచుకుంటున్నానే మహాతల్లీ! చెయ్యి తీస్తే ఆరుతుందని నువ్వే గదా చెప్పావు. దెబ్బ తగిలిందా?"

"లేదక్కా," అంది టైలరమ్మ, ఒళ్ళో ఎవరిదో బూటు పట్టుకుని. మోకాలు భగభగ మండుతోంది. అక్క నిలబడే ఉంది గదా, ఇంకేం కావాలి అనుకుంది. కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారాయి.

అక్క వాకరుని ముందుకి జరిపి వెలుగు చెల్లెలి మోకాలి మీద పడేట్టు నిలిపింది. కూతురు వచ్చి పిన్నిని లేపి కూర్చోబెట్టి, నవ్వు ఆపుకోలేక గోడకి చేరగిలబడింది. నవ్వడం అయ్యాక ఫోను తీసింది.

"నమస్కారమండీ. ఆ మంచం గురించి మాట్లాడాం గదా... మాకు వద్దండీ. ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి." ఫోను పెట్టేసి పిన్ని వైపు చూసింది. "అమ్మని తీసుకెళ్తే నిన్నెవరు చూస్తారు పిన్నీ?"

టైలరమ్మ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. సైకిల్ మేస్త్రికి ఈ కబురు చెప్పాలి. మూడు నిమిషాలే వెలిగే ఆ టిక్కు దీపం మీద కూడా కోపం లేదు ఇప్పుడు. చెల్లాచెదురైన చెప్పులు సర్దుతూ పక్కింటావిడ "ఏమైందండీ?" అని అడిగితే ఆమెకి కూడా దండం పెట్టేసింది.

"మీ మేస్త్రితో చెప్పు, చెయ్యి తీశాక కూడా కాసేపు వెలిగేట్టు చెయ్యమని," అంది కూతురు. "నీకు కూడా ఒక చేతికర్ర కావాలి. దానికీ దీపం ఉండాలి."

"నాకెందుకే కర్ర? నేనేం ముసలిదాన్నా?"

"లేదులే, నువ్వు పరుగులరాణివి," అంది అక్క. "లే. చెప్పులేసుకో. కర్ర కొలత చెప్పులతోనే తియ్యాలట."

గదిలోకి వెళ్ళాక అక్క మంచం మీద కూర్చుని, చెల్లెలి మెడలోంచి కొలత టేపు లాక్కుంది. చెయ్యి కిందికి వేలాడదియ్యమంది. టేపు ఒక కొస మణికట్టు మడత దగ్గర పెట్టి, రెండో కొస నేలకి ఆనించమని కూతురితో చెప్పింది. ఇన్నేళ్ళలో ఎన్ని వందలమందికి కొలతలు తీసిందో టైలరమ్మకే తెలియదు. తనకి మాత్రం ఇంతవరకు ఎవరూ తియ్యలేదు. చెయ్యి ఎలా ఉంచాలో తెలియక బిగుసుకుపోయింది.

"కదలకే," అంది అక్క. "నిటారుగా నిలబడు. ఊపిరి పీల్చుకో, ఫరవాలేదు."