ఉల్లిపొరంత మందం

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. బుల్లి వాళ్ళమ్మ మాత్రం కీడెంచడంలోనే పొద్దు గడిపేసేది. మేలెంచే వంతు ఏనాడూ వచ్చేది కాదు. కూతురు తుమ్మితే ఊపిరితిత్తులు గుర్తొచ్చేవి. ఫోన్ ఎత్తకపోతే ఆస్పత్రి, ఆలస్యంగా ఎత్తితే పోలీసులు. "మీ అమ్మ గొడుగేసుకుని స్నానం చేసే రకం" అని బుల్లి నాన్న వేళాకోళమాడేవాడు.

అలాంటి తల్లి కడుపున పుట్టిన పిల్ల సొంత జీతంతో కారు కొనుక్కుంది. ఎవరో వాడి అమ్మేసిన ముదురు నీలం బండి. ఇప్పుడా పిల్లకి వేరే ఊరికి బదిలీ అయింది. అక్కడ దొరికిన ఇంటికి నీడ లేదు, కారు రోజంతా ఎండలోనే నిలబడాలి. అందుకని వెళ్ళేలోపు రంగు మీద కోటింగ్ వేయిస్తానంది. ఒకసారి వేస్తే గాజుపొరలా గట్టిపడి ఏళ్ళ తరబడి ఎండనీ వాననీ కాస్తుందట.

ఆఫీసులో పనులు అప్పజెప్పాల్సి ఉండి, పొద్దున్నే కారునీ తల్లినీ కలిపి పాలిష్ షాపులో దింపింది.

"మేస్త్రితో అన్నీ మాట్లాడేశా. కోటింగ్‌కి ముందు తేలికపాటి పాలిష్ చాలన్నాను. నువ్వు ఊరికే కూర్చో, చాలు."

"ఊరికే కూర్చోడానికైతే మీ నాన్నని పంపాల్సింది. ఆయనకి బాగా అలవాటు" అంది తల్లి. బుల్లి నవ్వుతూ వెళ్ళిపోయింది.

షాపంటే పెద్దదేం కాదు. సగం దించిన షట్టరు, తడి నేల, గోడవారన ప్లాస్టిక్ బెంచీ. పాలిష్ మేస్త్రి కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని తిరిగే మనిషి. చేతికంటే నోటికి పని ఎక్కువ. కారు కడిగి ఆరబెట్టి, స్టాండు మీదున్న లైటు బానెట్ వైపు తిప్పాడు.

ఆవిడ బెంచీ మీంచి ముందుకి వంగింది. నున్నగా ఉందనుకున్న నీలం మీద సాలెగూళ్ళు అల్లినట్టు గీతలు. సన్నటి గుండ్రాలు, గుండ్రాల మీద గుండ్రాలు.

"అయ్యో, ఇవేంటి నాయనా? నిన్నటిదాకా లేవే!"

"ఎప్పట్నుంచో ఉన్నాయమ్మా. లైటు పడితే కనిపిస్తాయి, అంతే. ఎండలో పెట్టినా కనిపిస్తాయి." మేస్త్రి గుప్పిట్లో ఇమిడే, పూత మందం చూపే మీటరు తీసి బానెట్‌కి ఆనించి చూశాడు. పెదవి విరిచాడు. "రంగు మీద ఒక పొర ఉంటుంది చూడండి, గాజులాగా. ఉల్లిపొరంత మందం. ఈ గీతలన్నీ ఆ పొరలోనివే. పోవాలంటే వాటి లోతుదాకా పొరని అరగదీయాలి. ఇదివరకు వాడినవాళ్ళెవరో ఒకసారి గట్టిగా రుద్దించేశారు. ఇక్కడ మిగిలిందే కొంచెం. మళ్ళీ పెరగడానికి ఇదేమన్నా గోరా?"

"రుద్దకుండా వదిలేస్తే?"

"తేలిగ్గా రుద్దితే పైపైవి పోతాయి, లోతువి ఉంటాయి. పైన కోటింగ్ పడ్డాక ఇక అవి అక్కడే. ఫోటోకి లామినేషన్ చేసినట్టన్నమాట. తీయాలంటే కోటింగ్ కూడా ఊడగొట్టాల్సిందే."

"అసలెందుకు పడ్డాయంటావ్? కడిగేవాళ్ళ పనేనా?"

"కాదమ్మా, ఇది పొడిగుడ్డ పని. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాయితంతో రుద్దినట్టే. ఎవరో పాపం రోజూ తుడిచారు. చూడండి, టాపు మీద నడిమధ్య ఒక్క గీత లేదు. చెయ్యి అంతవరకే అందింది. మనిషి కాస్త పొట్టి." తన తెలివికి తనే ముచ్చటపడి నవ్వాడు.

ఆవిడ చేతులు రెండూ ఒళ్ళోని సంచీ కిందకి పోయాయి.

రోజూ కూతురు లేవకముందే పాత తువ్వాలు పట్టుకుని కిందికి దిగేది. మొదట్లో అద్దం ఒక్కటే తుడిచేది. అద్దం మీద దుమ్ముంటే ఎదురెండలో దారి కనపడదు, కనపడకపోతే లారీ కింద పడతారు. ఆవిడ ఆలోచనకి లారీ ఎప్పుడూ మలుపులోనే సిద్ధంగా ఉండేది. తరవాత అద్దం నుంచి బానెట్‌కి, బానెట్ నుంచి తలుపులకి పాకింది. తుడుస్తూనే వంగి టైర్లు చూసేది, కింద నూనె చుక్కలేమన్నా ఉన్నాయేమో చూసేది. గుండ్రంగా చెయ్యి తిప్పుతున్నంతసేపూ పిల్లకేమీ కాదన్న ధైర్యం. ఆ ధైర్యంతోనే ఇంటిపని చేసుకునేది.

ఆ ధైర్యమంతా ఇదిగో, లైటు కింద గుండ్రాలు గుండ్రాలుగా కనిపిస్తోంది. కొత్త ఊళ్ళో కారు ఎండలోనే ఉంటుంది. పిల్ల తలుపు తీసినప్పుడల్లా చూస్తుంది. ఎవరో ఒకరు ఈ మేస్త్రిలాగే పొడిగుడ్డ సంగతి చెప్పనే చెబుతారు.

"గట్టిదే చెయ్యి నాయనా" అంది. "ఒక్క గీత కూడా మిగలకూడదు."

"అమ్మాయిగారు తేలికదన్నారే?"

"ఇందాక ఫోన్‌లో మాట్లాడానులే. సరేనంది."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, నిజంగానే మాట్లాడానేమో అనిపించింది ఒక్క క్షణం.

మేస్త్రి తల గోక్కున్నాడు. అయినా పనిమంతుడికి గట్టి పనంటే సరదా. ముతక ప్యాడ్ బిగించి, పాలిష్ మందు పూసి మెషిన్ ఆన్ చేశాడు. కాసేపటికి బానెట్‌లో సగం నిలవనీరులా అయింది. పైకప్పు రేకులు, ట్యూబ్‌లైటు, మేస్త్రి గడ్డం అన్నీ అందులో కనిపించాయి. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. లేచి దగ్గరికెళ్ళి, వంగి, పక్కకి తిరిగి, కళ్ళు చికిలించి చూసింది.

"అదిగో, ఆ గట్టు మీద ఇంకా రెండున్నాయి."

"అవి వదిలేద్దామమ్మా. రేకు మడతపడ్డ చోట పొర ఇంకా పల్చన."

"ఇంత చేసి ఆ రెండూ ఉంచుతావా? వెతుక్కునేవాళ్ళ కళ్ళు సరిగ్గా అక్కడే పడతాయి. ఒక్కసారి. ఒకే ఒక్కసారి."

"మీతో వేగడం కష్టమమ్మా" అంటూ వంగాడు మేస్త్రి. అరిగిపోకుండా మడత మీద టేపు వేయాల్సినవాడు, ఒక్కసారేగా అని వేయలేదు.

మెషిన్ టక్కున ఆగింది. తెల్లటి ప్యాడ్‌కి నీలం అంటుకుంది.

గట్టు మీద బొటనవేలంత మేర వెలిసిపోయి, నడుమ అడుగుపూత బూడిదరంగు బయటపడింది. మేస్త్రి దాని మీద వేలు పెట్టి తీసేశాడు. లారీలకీ జ్వరాలకీ వానలకీ ముందే భయపడి ఉంచుకున్న ఆ తల్లికి, తన నోటిమాటకి భయపడాలని ఎప్పుడూ తోచలేదు.

"నాదీ తప్పేనమ్మా, ఆగాల్సింది" అన్నాడు చివరికి. "బానెట్ మొత్తం రంగు వేయించాలి. కొత్త రంగు బాగా గట్టిపడేదాకా, కొన్ని వారాలు, కోటింగ్ వేయకూడదు. అమ్మాయిగారేమో ఎల్లుండే వెళ్తున్నారంటిరి."

సాయంత్రం బుల్లి వచ్చింది. షట్టరు కింద నుంచి వంగి లోపలికొస్తూనే బానెట్ చూసింది. మేస్త్రి వైపు చూసింది. ఆయన పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ పొద్దంతా కట్టుకున్న సాకులన్నీ పక్కన పెట్టేసింది.

"నేనే చెప్పాను. నువ్వు సరేనన్నావని చెప్పాను."

"ఎందుకమ్మా?"

"ఆ గీతలు..." అని ఆగిపోయింది.

బుల్లి వచ్చి బెంచీ మీద పక్కన కూర్చుంది. "కిటికీలోంచి రోజూ చూసేదాన్నమ్మా. పొడిగుడ్డ వద్దని చెబుదామని మొదటి వారంలోనే అనుకున్నా. నాన్నే ఆపారు. 'తుడవనీవే, లేకపోతే నీ ఫోన్ అరిగిపోతుంది' అన్నారు. నిజమే. తుడిచిన రోజు నువ్వు ఫోన్లు చెయ్యవు."

"నీకు తెలుసా!"

"తెలిసే కదా తేలికది చాలన్నాను. అవి ఉంటే నాకేం అడ్డమమ్మా?"

ఆ మాటలో కోపం లేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆవిడకి. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు, ఏడవొచ్చు. దీనికేం చేస్తాం? పిల్ల ఇన్నాళ్ళూ తన కోసం ఓర్చుకుని ఉంచుకున్నదాన్ని, పిల్లకి కనపడకూడదని తనే గీకించేసింది. ఎంత వెతికినా దానికి మందు కనిపించలేదు.

మేస్త్రి దగ్గాడు. "మిగతా బాడీ ఏం చేయమంటారు?"

బుల్లి తల్లి వైపు తిరిగింది. "నువ్వే చెప్పు."

"తేలికదే" అందావిడ, నేల చూస్తూ. "ఉన్నవి ఉండనీ."

మేస్త్రి మెత్తటి ప్యాడ్ మార్చి తలుపు మీద పని మొదలుపెట్టాడు. మెరుపు వచ్చింది. మెరుపు కింద గుండ్రాలు నిలిచాయి. కానీ ఆవిడ కళ్ళు తలుపు మీద నిలవలేదు, బానెట్ మీదికే పోతున్నాయి. కొత్త ఊళ్ళో పెయింటరు ఎలాంటివాడో, ఆ నీలం కలుస్తుందో కలవదో, కలవకపోతే కారు ముఖం ఒక రంగూ ఒళ్ళు ఒక రంగూ అవుతుందేమో. అడగబోయి మింగేసింది.

"అక్కడ రంగు వేయించేటప్పుడు..."

"ఊఁ?"

"నువ్వే దగ్గరుండి చూసుకో."

'నువ్వూ రా అమ్మా' అంటుందేమోనని కాసేపు ఆగింది.

"సరే" అంది బుల్లి. మేస్త్రి మెషిన్ పట్టుకుని రెండో తలుపుకి జరిగాడు.