కేశవుడి నీళ్ల చప్పుడు

మా తమ్ముడు చెన్నకేశవరావు నలభై ఏళ్లుగా సంగీతం చేస్తున్నాడు. అందులో పాట ఉండదు, తాళం ఉండదు, గొంతు విప్పే మనిషీ ఉండడు. ఫ్రిజ్ గురగుర లాంటిదేదో మొదలై, అరగంట తర్వాత అలాగే ఆగిపోతుంది. దాన్ని ఆంబియంట్ అంటారట. బెంగుళూరులో టిక్కెట్లు కొనుక్కుని, చాపల మీద పడుకుని, కళ్లు మూసుకుని వింటారట. డబ్బిచ్చి మరీ పడుకునే జనం ఉన్నంతకాలం మావాడికి లోటేముంది!

ఈసారి ఆల్బమ్ పేరు 'తడి'. కిందటేడు వలస రైతుల ఊరైన మా గోరేబాళ క్యాంపుకి వచ్చి, నా పొలం గట్టున మైకు గుచ్చి, కాలువ దగ్గరి చప్పుళ్లు పట్టుకుపోయి చేశాడు. అది ఫోన్లలో విడుదలయ్యాక, ఎవరో కప్పిన పట్టు శాలువా భుజాన వేసుకుని మళ్లీ దిగాడు. క్యాంపులో అందరికీ వినిపించి ఊరి రుణం తీర్చుకుంటాడట.

వచ్చిన సమయం చూడండి. నా వరి పాలు పోసుకునే దశలో ఉంది. మాది కాలువ చిట్టచివరి పొలం. పైనున్న మహానుభావులు ఇంజన్లు పెట్టి తోడేసుకుంటుంటే మా దాకా నీళ్లెక్కడొస్తాయి? పైమడి నెర్రెలిచ్చేసింది. చిన్నదైన కింది మడిలో మాత్రం చీలమండ లోతు నీళ్లు మిగిలాయి. మళ్లీ మా వంతు వచ్చేదాకా అవి నిలిస్తే గింజ నిండుతుంది, లేకపోతే అంతా తాలే. రోజూ ఆ గట్టు చుట్టూ తిరిగి, ఎండ్రకాయ బొక్క కనబడితే కాలితో తొక్కి మూస్తున్నాను.

మా తమ్ముడి బెంగ వేరు. నా మనవరాలు రమ్యశ్రీ ఫోన్లో జనం రాసినవి చదువుతుంటే, కుర్చీ అంచున కూర్చుని వింటున్నాడు.

"'మహాద్భుతం, కన్నీళ్లొచ్చాయి' అని ఒకాయన రాశాడు తాతయ్యా."

"ఆఁ, ఇంకా?"

"'పెద్దాయన ఇరవై ఏళ్లుగా అదే వాయిస్తున్నాడు, ఇక చాలు' అని ఇంకొకాయన. 'మా కుక్క హాయిగా నిద్రపోయింది' అని ఒకావిడ."

"ఆ కుక్కని పిలిచి ఇంకో శాలువా కప్పించుకోరా," అన్నాను.

"నీకు అర్థం కాదులే అక్కా," అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

సాయంత్రం కళ్లంలో పెళ్లిళ్ల స్పీకర్లు పెట్టించాడు. టీ, పకోడీ ఉన్నాయని జనం బాగానే వచ్చారు. మొదటి ముక్క మొదలవగానే ఎవరో లేచి, వైరు వదులైందేమో చూడమన్నారు. రెండోదాంట్లో కప్పలు. మా తూము చూసే నింగప్ప నా పక్కనే కూర్చున్నాడు. ఇక్కడి పాత మనిషి, ఉన్నమాట అనేస్తాడు.

"ఏందమ్మా ఇది? మా ఇంటెన్క గీ కప్పలు ముఫ్తుల అరుస్తయ్ గద."

"ఊరుకో నింగప్పా, వాటికి పట్టు శాలువాలు లేవు."

"నేను తూముకాడికి పోత. ఇయ్యాల నీళ్లు ఇడుస్తమన్నరు."

అతను లేచాక నేనూ లేచాను. కేశవుడు కళ్లు మూసుకుని ఉన్నాడు, తన సంగీతానికి తనే తలూపుకుంటూ. పార తీసుకుని పొలానికి వచ్చేశాను.

చీకటి పడబోతోంది. గట్టు మీద కూర్చున్నానో లేదో, ఎగువ నుంచి వినబడింది. ఎండిన మట్టి నీళ్లు తాగే చిటపట. తర్వాత ఎండుటాకుల్ని తోసుకొచ్చే గరగర. ఆ వెనకే గలగలమని నీళ్లు! కళ్లం కూడా ఎగువనే ఉందన్న సంగతి ఆ క్షణాన ఎవరికి గుర్తుంటుంది? వాడి పెట్టెలో కప్పలున్నాయనుకున్నాను గానీ, నా కాలువనే దాచుకున్నాడనుకోలేదు.

చివరి పొలం వాళ్లం నీళ్ల చప్పుడు వినబడితే వెళ్లి చూసి రావడాలు పెట్టుకోం. ముందు మడవ తెంచుతాం. ఆలస్యమైతే ఆ నీళ్లు పక్కవాడి పాలు. నేనూ కాలువని ఆనుకున్న కింది మడి గట్టుకి బారెడు గండి కొట్టి, తూము వైపు పరుగెత్తాను. నా వెనక ఇంకో నలుగురు పారలతో వస్తున్నారు.

నింగప్ప తూము తలుపు ఎత్తి, లోపలికి వంగి చూస్తున్నాడు. కాలువ అడుగున బీటలు తప్ప ఏమీ లేదు. చప్పుడు మాత్రం మా వీపుల వెనక, కళ్లం నుంచి, హోరుమంటోంది. కాసేపటికి అదీ ఆగి, మళ్లీ ఫ్రిజ్ గురగుర మొదలైంది.

"నీళ్లు కావమ్మా అయ్యి," అన్నాడు నింగప్ప, నేలమీద కూలబడి. "మీ తమ్ముడు."

వాడి సంగీతాన్నీ వాడికి శాలువా కప్పినవాళ్లనీ నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతుండగా నా గండి గుర్తొచ్చింది. కాలువ ఎండి ఉంటే దాని అడుగు మడి కంటే పల్లం. ప్రాణాలరచేత పట్టుకుని వెనక్కి పరుగెత్తాను.

అప్పటికే కేశవుడు అక్కడున్నాడు. జనం పారలతో పరుగెత్తడం చూసి మైకు పట్టుకుని వచ్చేశాడట. నా మడి నీళ్లు ఎండు కాలువలోకి జారిపోతుంటే, గండి పక్కన గొంతుకు కూర్చుని, మైకు కిందికి దించి, నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టాడు. వాడి కళ్లలో నీళ్లు.

"నలభై ఏళ్లలో నన్ను ఎవరూ ఇలా వినలేదక్కా," అన్నాడు గుసగుసగా. "ఇప్పుడు చెప్పు, ఎలా ఉంది?"

"అచ్చం నీళ్లలాగే ఉందిరా. అదే నా కొంప ముంచింది. లే!"

"ఒక్క నిమిషం. ఈ చప్పుడు మళ్లీ దొరకదు."

వాడి భుజం మీది శాలువా లాగేశాను. అందులో మట్టిపెళ్లలు ఎత్తి, మూట కట్టడం మొదలుపెట్టాను. జరీ చిరిగిన చప్పుడుకి కూడా వాడు తల తిప్పలేదు. చెవులకి పెట్టుకున్నవాటిని రెండు చేతులా అదుముకుని మొహం చిట్లించాడు.

"అక్కా, ఆగిపోయింది. అప్పుడే మూసేశావా?"

శాలువా మూట ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"నేను మూయలేదురా," అన్నాను. "అయిపోయాయి."