కుంకుమ పడ్డ శూన్యం

నేను ఒక ఖాళీని. చుట్టూ కనిపించే ఉక్కు డబ్బా ఆ ఖాళీని కాపాడడానికి మాత్రమే. లోపల ఏముందో చూపించి మురిసిపోయేవాళ్లు లోకంలో చాలామంది. లోపల ఏమీ లేదని మురిసిపోయేదాన్ని నేను.

బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను వెల్డింగు చేసినవాళ్లు నేనేదో పాల డెయిరీకి వెళతాననుకున్నారు. తీరా చేరింది ఒక పరిశోధనాలయానికి. అక్కడ ఒక పంపు తగిలించి నాలోని గాలినంతా తోడేశారు. శూన్యం కోసం మనుషులు పడే పాట్లు చూస్తే నవ్వొచ్చేది. ఊపిరి తగిలినా పాడవుతానని మూతికి గుడ్డ కట్టుకుని మరీ నా దగ్గరికి వచ్చేవారు.

నన్ను చేయించినది భానోజీరావు గారు. విజయనగరం మనిషి, రసాయన శాస్త్రవేత్త. ఉద్యోగ జీవితమంతా ధారపోసి ఆయన ఒక పెద్ద అణువును కట్టారు. గుండ్రటి చక్రం, దానికి ఆరు చేతులు. దాన్ని కళ్లారా చూడాలని ఆయన కోరిక. కానీ అది మహా పెళుసు. వేడిచేసి ఆవిరిగా పంపుదామంటే మాడిపోయేది. అందుకని ద్రవంలో కరిగించి, సన్నని సూదిలోంచి వేల వోల్టుల విద్యుత్తుతో తుంపరగా చిమ్మించేవారు. తుంపర ఆరిపోగా మిగిలిన అణువులు నాలోకి ఎగిరి వచ్చేవి. వాటి వేగం తగ్గించి, నిద్రపోయిన పసిబిడ్డను ఉయ్యాలలో దించినట్టు, బంగారు రేకు మీద దించాలి. ఆ పని నస్రీన్‌ది. వరంగల్ పిల్ల, ఆయన చివరి శిష్యురాలు. చాలాసార్లు చేతులు విరిగిన చక్రాలే దిగేవి.

ఇంతలో భానోజీరావు గారి చూపు తగ్గసాగింది. నీటికాసులు, అంటే గ్లకోమా. పోయిన చూపు తిరిగిరాదని డాక్టర్లు తేల్చేశారు. "కళ్లున్నప్పుడే చూపించెయ్యమ్మా," అన్నారాయన నస్రీన్‌తో.

ఆ దసరా నాకు బాగా గుర్తు. ఆయుధపూజ నాడు నాకు పసుపూ కుంకుమా పెట్టడం ఆయన ఎన్నడూ మానలేదు. ఆ పూట నస్రీన్ కొత్త బంగారు రేకు పెట్టడానికి నా మూత తీసి, రేకు తేవడానికి పక్క గదికి వెళ్లింది. ఆయన వచ్చి, తడుముకుంటూ, నా నుదురనుకుని మూత కూర్చునే అంచు మీదే కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నారు. కొంత లోపలికి రాలింది. ఎంత ప్రేమగా పెట్టారో! నా ఖాళీ మాత్రం గంగలో కలిసింది.

నస్రీన్ రేకు తెచ్చి పెట్టి, అంచు చూసుకోకుండానే మూత బిగించింది. ఇక పంపు ఎంత తోడినా గాలి చొరబడుతూనే ఉంది. మర్నాడు నస్రీన్ మూత విప్పి, స్పిరిట్ గుడ్డతో అంచు తుడిచింది. గుడ్డ ఎర్రబడింది. ఆమె కాసేపు ఆ గుడ్డనే చూసి, మడిచి జేబులో పెట్టుకుంది.

"ఏటమ్మా, ఇంకా అవలేదా?" అని ఆయన రోజూ అడిగేవారు.

"పంపు సతాయిస్తున్నది సార్. జర ఓపిక పట్టుండ్రి."

పాపం పంపు! నోరుంటే ఏం చెప్పేదో. నన్ను విప్పి, కడిగి, లోపలి తేమంతా పోవాలని హీటరు పట్టీలు చుట్టి రోజుల తరబడి కాచారు. నాకు వేడికన్నా ఆయన అడుగుల చప్పుడే ఎక్కువ బాధపెట్టింది. వచ్చిన ప్రతిసారీ ముందుకన్నా నెమ్మదిగా నడిచేవారు.

చివరికి అణువులు దిగాయి. సూక్ష్మదర్శిని బొమ్మ తెర మీద తేలింది. భానోజీరావు గారు తెరకు ముక్కు ఆనించి చూశారు. "మంచులాగుందమ్మా," అన్నారు.

నస్రీన్ ఆయన వేలు పట్టుకుని తెర మీద చక్రం చుట్టూ తిప్పింది. తర్వాత ఒక్కో చేతి వెంట నడిపించింది.

"ఇరిగిందా ఏటైనా?"

"ఒక్క చెయ్యి గూడ ఇరగలే సార్."

ఆయన వేలు ఆ చక్రం మీదే చాలాసేపు ఉంచారు. తర్వాత మెల్లగా అడిగారు: "మరి, నేను పెట్టిన కుంకం అంతా పోనాదా అమ్మా?"

నస్రీన్ ఏడ్చేసింది. "పంపు మీదకి తోసేస్తే నమ్మేస్తాననుకున్నావేటి? దాన్ని ఏరి కొన్నది నేనే కదమ్మా," అని ఆయన నవ్వారు.

ఇప్పుడు నేను పరిశోధనాలయం వెనక పాత సామాను షెడ్డులో ఉన్నాను. మూత లేదు, నిండా గాలే. నస్రీన్ అంత కడిగినా ఒక బోల్టు రంధ్రంలో కాస్త ఎరుపు మిగిలిపోయింది. అది పోనందుకు నాకు సంతోషంగా ఉంది.