పడనివి: ఏమీ లేవు

ఆ ఇరవై మూడు లైన్ల కోడ్ రాసిన రోజున ఆఫీసులో అందరూ ఆమెను మెచ్చుకున్నారు. పిల్లల సంరక్షణ కేంద్రానికి వాళ్లు చేసిపెట్టిన ప్రోగ్రామ్ అప్పట్లో రెండు రోజులకోసారి చతికిలబడేది. ఒక్కో పిల్ల వివరాలూ పెట్టెలో పెట్టెలా ఉండేవి: పిల్ల లోపల ఆరోగ్యం, ఆరోగ్యం లోపల పడని తిండి. ఏ ఒక్కరికైనా మధ్య పెట్టె లేకపోతే, ప్రోగ్రామ్ రాసిన భాష జావాస్క్రిప్ట్ అక్కడే మొరాయించేది. వంటగదికి వెళ్లాల్సిన జాబితా మొత్తం ఆగిపోయేది.

అందుకని ఆమె ఒక చిన్న లైబ్రరీ, అంటే ప్రోగ్రామ్‌లో కావలసిన చోటల్లా పిలిచి వాడుకునే కోడ్ ముక్క, రాసింది. దారి చెబితే చాలు, అది పెట్టెలు ఒక్కొక్కటే తెరుచుకుంటూ లోపలికి వెళ్తుంది. ఏది కనబడకపోయినా కేక పెట్టదు. ముందే చెప్పి ఉంచిన జవాబు తెచ్చి చేతిలో పెడుతుంది. పడనివి దొరక్కపోతే ఏం చెప్పాలి? భోజనానికి లేవబోతూ ఆమె రెండు మాటలు కొట్టింది: ‘ఏమీ లేవు’.

పక్క సీటతను ఆ లైబ్రరీకి ‘బుద్ధిమంతురాలు’ అని పేరు పెట్టాడు. “ఏం చేసినా ఏడవదండీ!” అన్నాడు. ఆమెకూ గర్వంగానే అనిపించింది.

ఆరు నెలలు గడిచాయి. ఆ కేంద్రంలో వంట చూసేది ఆమె వదినే. ఒకరోజు పదకొండుంబావుకు ఫోన్ చేసింది.

“ఏమ్మా ఆడపడుచూ, మీ కంప్యూటర్ ఏ దేవుడికైనా మొక్కుకుందా?”

“ఏమైంది వదినా?”

“నిన్నటిదాకా తొమ్మిదిమందికి ఏదో ఒకటి పడేది కాదు. ఇవాళ్టి కాగితంలో అరవై రెండు మందికీ ‘ఏమీ లేవు’. రాళ్లు పెట్టినా అరిగించుకునేట్టున్నారు!”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. నిన్న సాయంత్రం నుంచి కొత్త ఫారం అమలులోకి వచ్చింది. అందులో పడనివి ఆరోగ్యం పెట్టెలోంచి ఆహారం పెట్టెలోకి మారాయి. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. బుద్ధిమంతురాలికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది పాత దారినే వెళ్లి, ఏమీ కనబడక, అరవై రెండుసార్లు మర్యాదగా అదే జవాబు చెప్పి వచ్చింది.

“వదినా, పిల్లలు ఏమైనా తిన్నారా?”

“ఇందాకే బిస్కట్లు పంచాం, వేరుశనగవి. కంగారుపడకు. నీ కాగితాన్ని నమ్ముకుని నేను గరిటె పట్టలేదులే. ఆ తొమ్మిదిమందీ నాకు కంఠతా. వాళ్లకు వేరేవి పెట్టా.”

“కొత్తవాళ్లెవరైనా చేరారా?”

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. “ఇవాళే ముగ్గురు వచ్చారే.”

ఆమె లైబ్రరీని పక్కన పెట్టి, అసలు వివరాలు తెరిచింది. మొదటి పిల్లాడికి పడనివేమీ లేవని తల్లి స్వయంగా రాసింది. రెండోవాడికి పాలు పడవు. మూడో పిల్లకు నాలుగేళ్లు, ఫొటోలో ఎర్ర ఫ్రేము కళ్లజోడు. ‘వేరుశనగ. ప్రమాదం.’

“కళ్లజోడు పిల్ల వదినా! ఎర్ర కళ్లజోడు! పరిగెత్తు!”

ఫోన్ గట్టు మీద ఠప్పున పడింది. చెప్పుల చప్పుడు దూరమైంది. ఆమె ఫోన్ చెవి దగ్గరనుంచి తీయలేదు. ఏదో పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు. ఆ తర్వాత ఎక్కడినుంచో, కేంద్రంలోని నర్సును పిలుస్తూ వదిన గొంతు: “నర్సమ్మా! నర్సమ్మా!”

ఆమె చేరేసరికి అంబులెన్స్ వెళ్లిపోయింది. వదిన వంటగది గుమ్మంలో కూర్చుని ఉంది. చేతిలో సగం కొరికిన బిస్కట్.

“పెదాలు ఇంత లావున వాచాయే. గొంతులో పిల్లికూతలు. నర్సు వచ్చి పిల్ల తొడకు సూదిమందు పొడిచింది, అప్పటికి కాస్త ఊపిరి అందింది.”

పన్నెండు దాటాక పిల్లతో వెళ్లిన నర్సు ఫోన్ చేసింది. గండం గడిచిందట, రేపటిదాకా అక్కడే ఉంచుతారట. వదిన కొంగుతో మొహం అదిమి తుడుచుకుంది.

ఆమె అక్కడే గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచి దారి సరిచేసింది. ఒక్క లైను పని. ఆ తర్వాత ‘ఏమీ లేవు’ తీసేసి, ‘తెలియదు, అడగాలి’ అని రాసింది. ప్రింటర్ కొత్త కాగితం వదిలింది.

వదిన వేలు పెట్టి లెక్కపెట్టింది. పడనివి ఉన్నవాళ్లు పదకొండుమంది. ‘తెలియదు’ అని ఉన్నవాళ్లు పద్నాలుగుమంది.

“వీళ్లెవరే?”

“ఫారంలో ఆ భాగం మొదటినుంచీ నింపనివాళ్లు.”

“మరి ఇన్నాళ్లూ వీళ్లకి ‘ఏమీ లేవు’ అనేగా వచ్చేది?”

“అవును వదినా.”

“ఎవరు చెప్పారట?”

“ఎవరూ చెప్పలేదు. నేనే రాశాను.”

వదిన ఆమె వంక చూసింది. తిడితే బాగుండుననిపించింది ఆమెకు. వదిన తిట్టలేదు. లేచి, వడ్డించబోతున్న కంచాల్లోంచి పద్నాలుగు తీసి పక్కన పెట్టింది.

“భోజనాల వేళ దాటిపోతోంది. ముందు ఫోన్లు చెయ్యి.”

ఆమె మొదటి నంబరు నొక్కింది. రెండో రింగుకే ఒక తల్లి ఎత్తింది. కేంద్రం నుంచి అనగానే ఆ గొంతు మారిపోయింది.

“మావాడికేమైందండీ?”

“ఏమీ కాలేదండీ,” అంది ఆమె. పక్కనే పద్నాలుగు ఖాళీ కంచాలు. “మిమ్మల్ని ఒక మాట అడగకుండానే ఆరు నెలలుగా జవాబు రాసేసుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను.”