వంటింటి మూల జాకీ

నేను ఒక జాకీని. లారీ టైరు పేలితే డ్రైవరు సీటు కిందనుంచి తీసి, ఇరుసు కింద పెట్టి, కడ్డీతో తిప్పుతాడే, ఆ మర జాకీని. జానెడున్నర ఎత్తుంటాను. నన్ను చూసి ముచ్చటపడినవాళ్ళు లేరు. పని తీరాక నూనెగుడ్డలో చుట్టి మూల పడేసినవాళ్ళే అందరూ.

ఎక్కడో ఒక పోత ఇనుము కార్ఖానాలో పుట్టాను. ఎర్రగా కరిగి, అచ్చులో చల్లారి, కడుపులో మర చెక్కించుకుని బయటపడేసరికే నాకొక గుణం అబ్బింది. మీద బరువు పడ్డప్పుడల్లా ఇదే ఆఖరేమో అనిపిస్తుంది. నా మొదటి యజమాని నూకరాజు కొబ్బరికాయల లారీ తోలేవాడు. పదకొండేళ్ళలో వందసార్లు టైరు మార్చి ఉంటాడు. వందసార్లూ జారిపోతానేమోనని హడలిపోయాను, ఒక్కసారీ జారలేదు. దేవుడి పటానికి రోజూ అగరొత్తి వెలిగించేవాడు గానీ, నాకు ఏడాదికోసారైనా గ్రీజు రాసిన పాపాన పోలేదు. లారీ అమ్మేశాక పంక్చరు షాపులో రెండేళ్ళు తుప్పుపట్టాను. అక్కడినుంచి నన్ను తీసుకెళ్ళినవాడు పెద్దింట్లు మేస్త్రీ.

పెద్దింట్లు ఇళ్ళు లేపుతాడు. మనుషులు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తారు. రోడ్డు పెరుగుతుంది, ఇల్లు పెరగదు. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి మెట్లు దిగి వెళ్ళే రోజు వస్తుంది. వాన పడితే వీధి నీళ్ళన్నీ నట్టింట్లోనే. అలాంటి ఇంటిని పడగొట్టకుండా, పునాది పక్కన తవ్వి, గోడల కింద ఇనుప కమ్మీలు దూర్చి, వాటి కింద మాలాంటి జాకీలను వరసగా పెట్టి, మూడడుగులు పైకి లేపి, అడుగున కొత్త ఇటుక కడతారు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నా మర బిగుసుకుపోయింది.

లారీ కింద నేనొక్కణ్ణే. ఎంత లేపితే అంత గొప్ప. ఇక్కడ అలా కాదు. మేస్త్రీ ఈల వేస్తే నూట అరవై జాకీలకూ పావు చుట్టు. ఒక్కడు తగ్గినా గోడ పగులుతుంది, ఒక్కడు ఎగబడినా పగులుతుంది. గోచీలు బిగించిన ఇరవైమంది మనుషులు, తలా ఎనిమిది జాకీల చొప్పున, కడ్డీలు పట్టుకుని, ఒక్క ఈలకి ఒక్కలా వంగి లేస్తుంటే, ఆ ఒద్దిక చూడడానికి రెండు కళ్ళు చాలవు. నాకు కళ్ళు లేకపోయినా చెబుతున్నాను.

ఆకివీడు దగ్గర ఒక ఊళ్ళో నాంచారమ్మగారి ఇల్లు లేపడానికి వెళ్ళాం. మామగారు కట్టిన మూడు గదుల పాత ఇల్లు. కిందటేడు వానలకి హాల్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. ఇప్పుడు కూతురు సునంద తొలికాన్పుకి పుట్టింటికి వస్తోంది. అందుకని ఇల్లు లేపి, వెనకవైపు ఒక గది కలపాలనుకున్నారు. పసిబిడ్డకి పక్క వేసే చోటికి వీధి నీళ్ళు రాకూడదు. నాంచారమ్మగారి కోరిక అదొక్కటే. వానలు మొదలవడానికి నెలన్నర ఉంది.

కోరిక ఒకటే గానీ, భయాలు చాలా. మొదటిరోజు పెద్దింట్లు వెనకాలే తిరుగుతూ అన్నీ ఏకరువు పెట్టింది. తవ్వితే పాములు లేస్తాయేమో, వంటింటి మూల నేల గుల్లేమో, గ్యాస్‌బండ దొర్లుతుందేమో, కరెంటు తీగ తెగుతుందేమో, లేచిన ఇంటి మీద ఊరి కన్ను పడుతుందేమో. పెద్దింట్లు పాముల దాకా శ్రద్ధగా విని, ఫోను మోగితే అటు వెళ్ళిపోయాడు. ఆవిడ అంతేనండి, బస్సెక్కితే బ్రేకులు చూసుకున్నావా అని డ్రైవర్ని అడుగుతుందని భర్త గోపాలస్వామి నవ్వాడు. పనివాళ్ళూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్ళకి నాలాంటి మనిషి కనబడిందనుకున్నాను.

పని జరిగినన్నాళ్ళూ ఇల్లు ఖాళీ చేసి చుట్టాలింట్లో ఉండమన్నా ఆవిడ కదలలేదు. వంటింటి గట్టు మీద ఒక ఇత్తడి గ్లాసు పెట్టి, అంచుదాకా నీళ్ళు పోసి, పక్కనే పీట వేసుక్కూర్చుంది. నన్ను పెట్టింది సరిగ్గా ఆ గట్టు కిందే, వంటింటి మూలకి.

మూడోరోజుకి ఇల్లు అడుగున్నర లేచింది. ఆ పొద్దున్నే నాంచారమ్మగారు నాలుగుసార్లు పని ఆపించింది. ఒకసారి పిల్లి కోసం. ఒకసారి ఏదో చప్పుడైందని. అప్పుడు, పదకొండు గంటల వేళ, నా అడుగున ఏదో మెత్తగా జారింది. వేలెడు దిగాను. పక్కకి ఒరిగాను. గోడ బరువంతా నా మర మీద ఏటవాలుగా పడింది. పిలుద్దామంటే నాకు నోరు లేదు. మరో ఈల వేస్తే ఆ మూల నాతోబాటే కూలుతుంది.

పైన ఆవిడ గొంతు వినబడింది.

"మేస్త్రిగారూ, ఆపండి. గ్లాసు ఒలికింది."

అయిదోసారి. కుర్రాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో గట్టుకి తగిలుంటారు అక్కగారూ అని పెద్దింట్లు ఈల నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పొద్దున్నుంచీ నేనిక్కడే ఉన్నాను బాబూ. నీళ్ళు ఈ మూలవేపే కారాయి, అటుపక్క చుక్క తడి లేదు. తర్వాత మీరెంత నవ్వుకున్నా సరే, ఒక్కసారొచ్చి చూడండి."

పెద్దింట్లు ఈల జేబులో పెట్టుకున్నాడు. అతనిలో నాకు నచ్చింది అదే. విసుగొచ్చినా వంగి చూశాడు. నన్ను చూసి మొహం తెల్లబోయింది. గబగబా దిమ్మలు తెప్పించి, అటూ ఇటూ ఆరు జాకీలు దూర్చి, గోడ బరువు వాటి మీదికి మార్చి, అప్పుడు నన్ను లాగాడు. నా అడుగున తవ్వితే పాత కుడితి గోలెం బయటపడింది, లోపలంతా బురద. ఒకప్పుడు అక్కడ పశువుల పాక ఉండేదట. మామగారు వంటిల్లు ఆ పాకవైపుకి పెంచినప్పుడు గోలెం తీయించకుండా మట్టి కప్పించేశాడు. కొత్తకోడలిగా ఆ గోలెంలో రోజూ కుడితి పోసిన మనిషి ఈవిడే.

"ఈ మాట ముందే చెబితే బావుండేదండి" అన్నాడు పెద్దింట్లు.

"మొదటిరోజే చెప్పాను కదయ్యా. పాముల తర్వాత, గ్యాస్‌బండకి ముందు."

ఎవరూ నవ్వలేదు. పెద్దింట్లు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ రోజునుంచి ఈల వేసేముందు గ్లాసు ఎలా ఉందని ఆవిణ్ణే అడిగేవాడు.

ఇల్లు నిక్షేపంగా మూడడుగులు లేచింది. వెనక గది కూడా అయింది. వంటింటి తలుపు పైన గోడలో వెంట్రుకంత పగులు మిగిలితే, సున్నం పూయనివ్వలేదు నాంచారమ్మగారు. పగులు చివర పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసుకుంది. పెరిగితే తెలియాలి కదా అంది. ఇప్పటికీ అది ఆ గీత దాటలేదు, అయినా ఆవిడ చూడడం మానలేదు.

నా మర వంగిపోయింది. పాత ఇనుముకి వేద్దామని పెద్దింట్లు నన్ను బస్తాలో పడేస్తుంటే, అదిక్కడ ఉంచి వెళ్ళమంది ఆవిడ. ఎందుకో చెప్పలేదు.

ఆ వానాకాలం సునందకి ఆడపిల్ల పుట్టింది. పదకొండోరోజున కుంభవృష్టి. వీధి కాలవైంది. నీళ్ళు మొదటి మెట్టు ఎక్కాయి, రెండోది తడిపాయి, మూడోదాని దగ్గర ఆగిపోయాయి. నాంచారమ్మగారు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికెళ్ళి, ఎందుకైనా మంచిదని బియ్యం బస్తా మంచమ్మీదికి ఎక్కించింది.

బారసాలకి పెద్దింట్లు వచ్చాడు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా, తవ్వకముందే, ఇంట్లో బాగా భయపడే మనిషెవరండీ అని అడిగి, కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పిందల్లా నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడట. చెబుతూ కొత్తగది గుమ్మం దగ్గర నన్ను చూసి ఆగాడు.

"దీన్నిక్కడ పెట్టారేంటండీ?"

"సాయంత్రం గాలికి ఆ తలుపు ధనామని కొట్టుకుంటుంది. రేపు పిల్ల పాకడం మొదలెడితే, వేళ్ళు పడవూ?"

పిల్లకి అప్పటికి ఇరవయ్యొక్క రోజులు. ఆవిడ కాలితో నన్ను తలుపు వారకి ఇంకో అంగుళం జరిపింది.

ఇల్లు మోసినవాణ్ణి, ఇప్పుడొక తలుపు ఆపుతున్నాను. గాలి రోజూ వస్తుంది. వచ్చినప్పుడల్లా ఇవాళ జారిపోతానేమో అనుకుంటాను. పిల్ల పాకుతోంది, నా తల పట్టుకుని నిలబడుతోంది. ఇంతవరకూ జారలేదు.