సలోమి వయసు

ఎలీషా గంట కొట్టాడంటే గౌతమి దాటి జొన్నాడ లంకలో కొంగలు లేవాల్సిందే. ముప్పై ఏళ్లుగా ఊరి చర్చి గంట తాడు అతని చేతిలోనే ఉంది. దానికి జీతం లేదు. పూట గడిచేది కొబ్బరికాయల వలుపు మీద.

ఆ పొద్దున కూడా రాశి ముందు నిలబడి, నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, మెలితిప్పి పీచు ఊడదీస్తున్నాడు. వంగి వంగి నడుము కొడవలిలా తిరిగిపోయింది. ఏనాడూ తప్పని చెయ్యి ఆ రోజు జారింది. గునపం ముంజేతిని చీరింది. అతను చూసుకోలేదు. చెవి జేబులో ఫోను మీదే ఉంది.

ఇక ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రివాళ్లు అతని భార్య సలోమిని పంపేసి నాలుగు రోజులైంది. ఆ ఊళ్లో ఎవరు పోయినా బతికిన ఏళ్లెన్నో అన్ని దెబ్బలు గంట కొడతారు. అతను పనికి బయల్దేరుతుంటే సలోమి పిలిచి మరీ చెప్పింది.

"గంట మీరే కొట్టండి. పాస్టరుగారైతే గబగబా కానిచ్చేస్తారు."

"ఊరుకోవే."

"ఆధార్లో అరవై ఒకటి పడింది. నాకు యాభై ఎనిమిదేనండీ. ఆ మూడూ కొట్టేరంటే లేచొచ్చి మరీ తిడతాను."

పింఛను వస్తుందని ఎవరో మూడేళ్లు కలిపి రాయించారు. పింఛనూ రాలేదు, వయసూ తగ్గలేదు.

గుచ్చిన ప్రతి కాయకీ అతనిది ఒకటే ప్రార్థన. "ప్రభువా, గవర్నమెంటోళ్లు ఊరికే మూడేళ్లిచ్చేరు. నువ్వివ్వలేవా?" పీచు ఊడేది, ఇంకో కాయ అందుకునేవాడు.

పదకొండింటికి పక్కింటి అన్నపూర్ణ ఫోను చేసింది. "అన్నయ్యగారూ, వచ్చేయండి" అంది. అంతే.

వెళ్లేసరికి సలోమి కళ్లు ఎవరో మూసేశారు. మంచం పక్కనున్న పాస్టరు ప్రేమ్ కుమార్ "మంచి చోటికే వెళ్లేరండి" అన్నారు.

"ఆయ్. ఇక్కడ నేనేం తక్కువ చేసేనండి?" అన్నాడు ఎలీషా.

చర్చికి నడిచి, గుడ్డ చుట్టిన తాడు చివర పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. గంట మోగేదాకా మనిషి పోనట్టేనని అతని ఆశ. చివరికి లాగాడు. పంతొమ్మిదో దెబ్బ దగ్గర, ఆమె పెళ్లినాటి వయసు దగ్గర, కాసేపు ఆగాడు. యాభై ఎనిమిదీ పడ్డాయి. గుమ్మంలో ఉన్న జనం కదిలారు.

మళ్లీ మోగింది. యాభై తొమ్మిది. అరవై.

"ఎలీషాగారూ, చాలండి. అమ్మగారి వయసు అయిపోయింది" అన్నారు పాస్టరు.

"ఎక్కువ కొడితే లేచొచ్చి తిడతానందండి."

అరవై ఒకటోది కూడా కొట్టి, ఇంటివైపు చెవి పెట్టాడు. గంట మూలుగు అణిగేదాకా విన్నాడు. ఆ తర్వాత కూడా విన్నాడు. పాస్టరు వచ్చి అతని వేళ్లు ఒక్కొక్కటీ తాడు మీంచి విప్పాల్సొచ్చింది.

జొన్నాడలో కొంగలేం లేవలేదు లెండి. బీటవారిన ఆ గంట మన పంటకాలవే దాటదు. పంతొమ్మిదో దెబ్బ దగ్గర ఆగడమూ నేను కల్పించిందే. ఎక్కడెక్కడ ఆగాడో ఎవరు లెక్కపెట్టారు? తాడుకున్న గుడ్డ మాత్రం నా కల్పన కాదు. అతని అరచేతులు ఒరుసుకుపోతున్నాయని సలోమి తన నీలం చీర చెంగు చింపి చుట్టింది. ఆనాడు ముంజేతి నుంచి కారి ఆరిన నెత్తుటి మరకతో అది ఇంకా అక్కడే వేలాడుతోంది.