ఉద్ధరిణెడు నీళ్ళు

"శాంతి మొదలెట్టేలోపు ఆ పురుగుల పని కానిచ్చి, తలస్నానం చేసి రావే" అంది జానకమ్మ, పీటల కింద ముగ్గు వేస్తూ. జీవహింస దోషం పోవడానికి చేసే శాంతికి ముందు ఆ హింసేదో ఇంకొక్కసారి కానిచ్చి రమ్మనడంలో ఆవిడకి వింతేమీ కనిపించలేదు. కోడలు నీహారికకి కనిపించింది. కనిపించినా "అలాగేనండి అత్తయ్యగారూ" అనేసి వెనకగదిలోకి నడిచింది. ఈ ఇంట్లో ఆమె నాలుకకి బాగా అలవాటైన మాట అది.

ఒకప్పుడు కొబ్బరికాయలు పోసుకున్న గది. ఇప్పుడు గోడ పొడవునా గాజుతొట్లు, వాటినిండా ఆమె భర్త వేదవ్యాస్ పెంచే ఫైటర్ చేపలు. అమలాపురం కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పి వచ్చి, సాయంత్రాలు వాటికి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతాడు. వ్యాస్ గారి చేపలంటే ఎక్కడెక్కడివాళ్ళో అడుగుతారు. అయితే కొత్తగా పుట్టిన చేపపిల్ల కదలని తిండి ముట్టదు. దానికి ఆర్టీమియా కావాలి. ఉప్పునీళ్ళలో బతికే, కంటికి ఆనీ ఆనని రొయ్యలాంటి ప్రాణి. దాని గుడ్లు కాఫీపొడిలా డబ్బాలో వస్తాయి. ఉప్పలగుప్తం రొయ్యల హేచరీలో పనిచేసే కుర్రాడొకడు తెచ్చిస్తాడు. అడుగు కోసి తలకిందులుగా వేలాడదీసిన సీసాలో కల్లుప్పు నీళ్ళు పోసి, గుడ్లు వేసి, గాలిగొట్టం పెట్టి, పక్కన బల్బు వెలిగిస్తే మర్నాటికి పొదుగుతాయి. అప్పుడు గాలి ఆపాలి. పెంకులు పైకి తేలిపోతాయి. సీసా కింద దీపం పెడితే ప్రాణమున్నవన్నీ ఆ వెలుగు దగ్గరికి నారింజరంగు పొగలా దిగివస్తాయి. అలా వచ్చినవాటిని గుడ్డలో వడగట్టి, మంచినీళ్ళతో కడిగి, డ్రాపరుతో తొట్లలో వదలాలి.

ఈ పని ఆమెకి ఎలా వచ్చిపడిందో చెప్పాలంటే పెద్ద కథేమీ లేదు. "నువ్వు జువాలజీ చదివావు కదా నీహా, నీకిదో లెక్కా" అన్నాడు వేదవ్యాస్ పెళ్ళయిన కొత్తలో. ఎమ్మెస్సీ చదివినందుకు ఈ ఇంట్లో దక్కిన ఉద్యోగం అది. ఒకసారి జ్వరం వచ్చి, "ఇవాళ్టికి మీరు వడగట్టండి" అని ఆమె భర్తని అడిగితే జానకమ్మ అడ్డం వచ్చింది. "వాడు పొద్దున్నే సంధ్య వార్చుకునే చెయ్యి. ఆ చేత్తో ప్రాణాలు తీయించకు తల్లీ, నువ్వే లే." వెల్లుల్లి కూడా గడప దాటని వైదికుల ఇల్లు మరి. మావగారు బాలగంగాధరం ఆ మాట పక్కగదిలోంచి విన్నారు. చదువుకుంటున్న పుస్తకంలోంచి తల ఎత్తలేదు. నెలసరి రోజుల్లో నీహారికని వంటింటి గడప తొక్కనివ్వరు, మంచినీళ్ళ బిందె తాకనివ్వరు. చేపలగదికి మాత్రం ఆ మైల అంటదు. అంటితే చేపలు పస్తుంటాయి కదా.

మొన్న వేసవిలో ఆమెకి మూడోనెలలో కడుపు పోయింది. "ఇందులో నీ తప్పేం లేదమ్మా, ఎవరి తప్పూ లేదు. కొన్ని నిలవవు అంతే" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ. ఆ మాట పట్టుకునే ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున మంచం పక్కన నిలబడి వేదవ్యాస్ మెల్లిగానే అన్నాడు. "నిన్నట్నుంచి పిల్లలు ఆకలితో ఉన్నాయి నీహా. కాస్త ఓపిక చేసుకుని లేస్తావా?" లేచింది. గోడ పట్టుకుని వెళ్ళి, వడగట్టి, పెట్టి వచ్చి పడుకుంది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో జానకమ్మ వసారాలో అంటోంది. "రోజూ అన్నేసి ప్రాణాలు తీసే చేతులకి ఎలా నిలుస్తుందండీ, చెప్పండి?"

చదువుకున్నదే, నవ్వి ఊరుకోవలసిన మాటే. కానీ ఆ మాట ఆమెలోకి దిగింది. అంతకుముందెప్పుడూ అనిపించనిది, దీపం వెలిగించిన ప్రతిసారీ అనిపించసాగింది. ఇవి వెలుగని నమ్మి వస్తున్నాయి, నేను పట్టుకుంటున్నాను అని. నిజంగా నా చేతులే చేశాయా అని పొయ్యి దగ్గర, బట్టల తాడు దగ్గర తన చేతులు తనే చూసుకునేది. బిడ్డ పోయిన దుఃఖమైనా తనదే అనుకోనివ్వకుండా దాన్ని కూడా ఆమె తప్పు కింద మార్చేశారు. అందుకే శాంతి చేయించాలని జానకమ్మ అన్నప్పుడు కాదనలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈ ఇంట్లో అడుసు తొక్కమన్నవాళ్ళే చెంబుతో నీళ్ళు అందిస్తున్నారు.

పని ముగించి, స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని వచ్చి పీట మీద భర్త పక్కన కూర్చుంది. మంత్రం చెబుతున్నది మావగారే. దానం పట్టడానికి పక్కవీధి వరప్రసాదం గారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. తమలపాకులో చిన్న వెండి చేప. సంకల్పంలో సంస్కృతం ఆమెకి అంతా తెలియదు గానీ, ధర్మపత్ని చేసిన హింస వల్ల కలిగిన దోషం అన్నది తెలిసింది. తండ్రి వెనకాలే వేదవ్యాస్ ఆ మాట స్పష్టంగా, తడబడకుండా పలికాడు. పలికి, మధ్యలో ఆమె వైపు కొంచెం వంగి గుసగుసగా అడిగాడు.

"రేపటికి గుడ్లు వేశావా?"

నీహారికకి కోపం వచ్చింది. ఏడుపు కాదు, కోపమే. ఇన్ని నెలలుగా తన చేతుల మీద తనకి కలిగిన అసహ్యమంతా ఆ ఒక్క ప్రశ్నతో దిగిపోయింది.

"చేతిలో నీళ్ళు వదలమ్మా" అన్నారు మావగారు. భార్య నీళ్ళు పొయ్యందే దానం దానం కాదు. వేదవ్యాస్ వెండి చేప ఉన్న చెయ్యి చాపాడు. ఆమె ఉద్ధరిణెతో నీళ్ళు తీసింది. తీసి, అలాగే పట్టుకుంది.

"మావయ్యగారూ, ఒక సందేహమండీ. ఈ నీళ్ళు వదిలాక రేపు మళ్ళీ అదే పని చేస్తే, ఈ శాంతి చెల్లుతుందాండీ?"

"పీటల మీద ఏమిటే ఆ ప్రశ్నలు" అంది జానకమ్మ.

బాలగంగాధరం గారు కోడలి వైపు మొదటిసారి తిన్నగా చూశారు. జీవితమంతా శాస్త్రం చెప్పిన మనిషి. భార్య ముందు తల దించుకుని బతికారు గానీ, అడిగిన ధర్మసందేహానికి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. "చెల్లదమ్మా" అన్నారు.

"చేసినవారికేనాండీ దోషం?"

"అది తర్వాత మాట్లాడుకుందాం నీహా. చెయ్యి నొప్పెడుతోంది, పొయ్యి" అన్నాడు వేదవ్యాస్.

ఆమె పొయ్యలేదు. వరప్రసాదం గారు ఉత్తరీయం సర్దుకుని మావగారి మొహంలోకి చూస్తున్నారు. వెనకగదిలో గాలి మోటారు చప్పుడు వినిపిస్తోంది. మావగారి గొంతు బాగా తగ్గింది.

"చేసినవారికీ, చేయించినవారికీ, పురమాయించినవారికీ, చూసి ఊరుకున్నవారికీ సమానమేనమ్మా."

నీహారిక ఉద్ధరిణెలో నీళ్ళు తిరిగి పంచపాత్రలో పోసేసింది.

"అయితే సంకల్పం మళ్ళీ మొదట్నుంచి చెప్పండి మావయ్యగారూ, మన నలుగురి పేర్లతో."